పాలు పడని పాప, తొమ్మిది రోజులు వచ్చిన డబ్బా

ఈ కేసు రాయడానికి పాప వాళ్ళమ్మ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది, "మా అత్తమ్మను మాత్రం విలన్‌ను చేయకండి మేడం" అని. చేయను, ఎందుకంటే లెక్కంతా తేలాక తప్పులో పెద్ద వాటా నాదే అని నాకే అర్థమైంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను. డబ్బాల పేర్లు రాయను, దయచేసి మెసేజ్ పెట్టి అడగొద్దు కూడా. పసిపిల్లల పాలపొడుల ప్రచారాన్ని మన దేశంలో 1992 చట్టం నిషేధించింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. అది మంచిదే అనుకునే డైటీషియన్లలో నేనొకదాన్ని.

వీళ్ళు ఉప్పల్ దాటాక ఒక కాలనీలో అద్దెకుంటారు. నాన్న క్యాబ్ నడుపుతాడు, అమ్మ డెలివరీకి ముందు బట్టల షాపులో బిల్లింగ్ చూసేది, నల్గొండ వైపు ఊరి నుంచి వచ్చిన నానమ్మ వీళ్ళతోనే ఉంటోంది. పాప నెలలు నిండాకే పుట్టింది, సిజేరియన్, 2.8 కిలోలు. తల్లికి ఇంకా పాలు పడలేదని మొదటి మూడు రోజులు డబ్బాపాలు పట్టారు, ఆ తర్వాత తల్లిపాలూ డబ్బాపాలూ రెండూ నడిచాయి. (తల్లికి పాలు పడకపోవడానికీ, పిల్లకు పాలు పడకపోవడానికీ తెలుగులో ఒకటే మాట. ఓపీలో ఈ మాట వినగానే ఎవరికి అని అడగడం నాకు అలవాటైపోయింది.)

ఆరో వారంలో మోషన్‌లో జిగట, రెండు రోజులకు దారప్పోగంత నెత్తుటి చార. అక్కడి నుంచి నాలుగో నెల దాకా జరిగింది నేను త్వరగా చెప్పేస్తాను, ఇది చాలా ఇళ్ళలో జరిగే కథే: మొదట ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ కోర్సు, తగ్గలేదు. తర్వాత లాక్టోజ్ లేని డబ్బా, నాలుగు రోజులు తగ్గినట్టే అనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. ఆ తర్వాత ఊరి నుంచి మేకపాలు, దానికి ఇంకా ఎక్కువైంది. మధ్యలో ఎవరో చెప్తే బోలెడు డబ్బు పోసి పెద్ద అలర్జీ ప్యానెల్ రక్తపరీక్ష చేయించారు, అందులో పాలకు నెగెటివ్ వచ్చింది, దాంతో "అలర్జీ కాదంట" అని ఇంట్లో తీర్మానమైపోయింది. పిల్లల గ్యాస్ట్రో డాక్టరు గారు చూసి, ఆవుపాల ప్రొటీన్ అలర్జీ, అందులోనూ ఐజీఈతో (రక్తపరీక్షలో కొలిచే అలర్జీ యాంటీబాడీతో) సంబంధం లేని రకం అని తేల్చి నా దగ్గరకు పంపేటప్పటికి పాపకు నాలుగు నెలలు, బరువు 4.6 కిలోలు. డబ్ల్యూహెచ్‌ఓ చార్టులో ఆ వయసు ఆడపిల్ల మధ్యగీత 6.4, కింది గీత 5.0. బుగ్గల మీద ఎర్రగా గరుకు మచ్చలు, కనురెప్ప లోపల చూస్తే పాలిపోయి ఉంది.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే వారానికి ఇద్దరైనా ఇదే పొరపాటుతో వస్తారు. లాక్టోజ్ అనేది పాలలో ఉండే చక్కెర. అలర్జీ వచ్చేది చక్కెరకు కాదు, ప్రొటీన్‌కు, అంటే కేసీన్‌కూ బీటా లాక్టోగ్లోబులిన్‌లాంటి వాటికీ. లాక్టోజ్ లేని మామూలు డబ్బాలో ఆ ప్రొటీన్ చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. అసలు తల్లిపాలలోనే వంద మిల్లీలీటర్లకు ఏడు గ్రాముల దాకా లాక్టోజ్ ఉంటుంది, పుట్టుకతోనే అది పడని పిల్లలు చాలా చాలా అరుదు. మేకపాలు, గేదెపాలు కూడా దారి కాదు. ఆవుపాల ప్రొటీన్ పడని పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా మేకపాలు కూడా పడవు, ఆ ప్రొటీన్లు అంత దగ్గరి చుట్టాలు. ఇక రక్తపరీక్ష సంగతి: ఈ రకం అలర్జీలో ఐజీఈ పరీక్ష నెగెటివ్ రావడం మామూలే. దీన్ని పట్టుకునే పద్ధతి పాతకాలపుదే, రెండు నుంచి నాలుగు వారాలు పాల ప్రొటీన్ పూర్తిగా ఆపి చూడటం, తగ్గాక మళ్ళీ కొద్దిగా ఇచ్చి చూడటం.

ప్లాన్ రెండు భాగాలు. మొదటిది, తల్లిపాలు ఆపకూడదు, పెంచాలి, తల్లి తిండిలోంచి పాలు, పాలతో చేసినవి తీసేయాలి. రెండోది, తక్కువ పడే పాలకు మాత్రం ఎక్స్‌టెన్సివ్ హైడ్రోలైజేట్ డబ్బా. ఇదేమిటో నానమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి బియ్యంతో చెప్పాను: మామూలు పాలల్లో ప్రొటీన్ నిండు గింజలా ఉంటుంది, ఈ డబ్బాలో దాన్ని నూక చేసి పెట్టారు, పాప ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి గొడవ చేయలేనంత చిన్న నూక. ఇంకో ఖరీదైన రకం ఉంది, అమైనో యాసిడ్ ఫార్ములా, అది పూర్తిగా పిండి. హెచ్‌ఏ అని రాసి అమ్మే పార్షియల్ రకం గింజను రెండు ముక్కలు చేసినట్టే, వైద్యానికి పనికిరాదు. నూక రకం తొంభై శాతం పిల్లలకు సరిపోతుంది, మిగతా పదిమందిలో పిండి అవసరం కావచ్చు. "మరి సోయా డబ్బా? మెడికల్ షాపాయన చవక అన్నాడు మేడం" అని నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే, ఆయన చేతిలో ఉన్న బిల్లు నేనూ చూశాను. కానీ ఆరు నెలల లోపు సోయా మొదటి ఎంపిక కాదు, పైగా పాలు పడని పిల్లల్లో పదిమందిలో ఒకరికైనా సోయా కూడా పడదు. అప్పటికి వద్దన్నాను.

అమ్మకు అసలు కష్టం చాయ్ మానడం దగ్గర వచ్చింది. రోజుకు నాలుగు కప్పుల మనిషి. సులేమానీ చాయ్‌కి మారింది, పుదీనా వేసుకుని, "రంజాన్ నెలలా ఉంది మేడం" అని నవ్వింది. పాలు మానిందని కాల్షియం మాత్రలు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు, తిండిలో రాగి సంకటి, నువ్వుల పొడి, తోటకూర, చేపలు, పాపకు విటమిన్ డి చుక్కలు. బాలింతల పౌడర్ ఒకటి పాలు పడతాయని పొద్దునా సాయంత్రం తాగుతోందని రెండో విజిట్‌లో బయటపడింది, దాని మొదటి పదార్థమే పాలపొడి. అదీ ఆగింది.

డబ్బాపాల వాసన చూసి ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు. అది చేదుగానే ఉంటుంది, ఉడికిన బంగాళాదుంప వాసన అంటారు కొందరు, నాకైతే తడిసిన అట్టపెట్టె వాసన. పిండిన తల్లిపాలలో కొంచెం కొంచెం కలుపుతూ ఐదు రోజుల్లో పూర్తిగా అలవాటు చేశాం. మోషన్ ముదురు ఆకుపచ్చగా జిగటగా మారుతుంది, అది మామూలే అని ముందే చెప్పాను, అయినా అర్ధరాత్రి ఫోటో వచ్చింది. రెండో వారానికి నెత్తురు ఆగిపోయింది. ఏడుపు తగ్గింది, బుగ్గల మచ్చలు మెత్తబడ్డాయి. నేను లోలోపల భుజం చరుచుకున్నాను.

మూడు వారాలకు బరువు చూస్తే 4.7. ఇరవై ఒక్క రోజులకు వంద గ్రాములు! ఇంకో పాప అయితే మామూలుగానే మూడు వందలు పెరగాలి, ఈ పాప అయితే పోగొట్టుకున్నది కూడబెట్టుకుంటూ ఇంకా ఎక్కువ పెరగాలి.

"ఎన్నిసార్లు పడుతున్నారమ్మా?"

"మీరు చెప్పినట్టే మేడం, నాలుగు సార్లు, నూట ఇరవై."

"డబ్బా ఎన్ని రోజులొస్తోంది?"

"తొమ్మిది రోజులు." ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది, పొదుపుగా వాడుతున్నానని.

నేను పెన్ను పట్టుకున్నాను. ఈ డబ్బాకు లెక్క 30 మి.లీ. నీళ్ళకు ఒక స్కూపు, స్కూపు నాలుగున్నర గ్రాములు. నూట ఇరవైకి నాలుగు స్కూపులు, నాలుగు సార్లకు పదహారు, అంటే రోజుకు 72 గ్రాములు. 400 గ్రాముల డబ్బా అయిదున్నర రోజులకు అయిపోవాలి. తొమ్మిది రోజులొస్తోందంటే రోజుకు 45 గ్రాములే సీసాలోకి పోతోంది. మిగతా 27 గ్రాములు డబ్బాలోనే ఉండిపోతున్నాయి, అంటే 135 కేలరీల దాకా. అయిదు కిలోలు కూడా లేని పిల్లకు అది రోజు తిండిలో నాలుగో వంతు.

మరుసటి రోజు సీసా, స్కూపు, డబ్బా, అన్నీ పట్టుకుని రమ్మన్నాను. నా టేబుల్ మీద కలిపి చూపించమన్నాను. నీళ్ళు ముందు పోసింది, సరిగ్గా నూట ఇరవై, అది కరెక్టు. స్కూపు ముంచి, అంచుకు గీయకుండా చిన్నగా విదిలించింది, పైనున్న పొడి రాలి స్కూపులో చిన్న గుంట పడింది. అలాంటివి మూడు వేసింది. నాలుగోది వేయలేదు, మూత పెట్టేసింది. నేనేమీ అనలేదు. తనే తల ఎత్తి, "ఒక్కటి తక్కువైతే ఏమవుతుందిలే అని మేడం... నెలకు డబ్బాల ఖర్చు మా ఇంటి అద్దె దాటిపోయింది" అంది. నాన్న కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

పలచన చేస్తే బరువు పెరగకపోవడమే కాదు, నీళ్ళెక్కువై రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా పోవచ్చు. ఆ మాట చెప్పాను, కానీ భయపెట్టి వదిలేస్తే వాళ్ళకు డబ్బులెక్కడి నుంచి వస్తాయి? నిజానికి మొదటి రోజే "నెలకు ఎంత పెట్టగలరు" అని అడగాల్సింది నేను. అడగలేదు, మొహమాటం. ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను, బరువు అడిగినట్టే.

ఆ రోజు డబ్బా లెక్క వదిలేసి తల్లిపాల లెక్క మొదలుపెట్టాం. లాక్టేషన్ కౌన్సెలర్ చేత పాప నోరు పట్టే పద్ధతి సరిచేయించాం, రాత్రి రెండు సార్లు రొమ్ము మీదే, డబ్బా పట్టే ప్రతిసారీ ముందు రొమ్ము, మధ్యలో పంపు. నెల తిరిగేసరికి నాలుగు డబ్బా ఫీడ్లు రెండయ్యాయి. ఆ రెండూ నిండు స్కూపులతో, కత్తి వెనక వైపుతో అంచుకు గీసి. వాటర్ క్యాన్ నీళ్ళయినా సరే బాగా మరిగించి, పొడి కలిపేటప్పుడు 70 డిగ్రీలకు తగ్గకుండా వేడి ఉండాలి, తర్వాత చల్లార్చి పట్టాలి, సీసాలో మిగిలింది పారబోయాలి. ఆ ఖరీదైన పాలు పారబోయడానికి వాళ్ళ చేతులు రాలేదు, అందుకే ఒకేసారి 120 కాకుండా ముందు 90 కలపమన్నాను. ఆరో నెలకు పాప బరువు 5.6 కిలోలు. ఖర్చు సగమైంది, బరువు తొమ్మిది వందల గ్రాములు పెరిగింది.

నెత్తురు ఆగాక మళ్ళీ కొద్దిగా పాలిచ్చి చూసి రోగనిర్ధారణ పక్కా చేసుకోవాలన్నాం కదా, దానికి ఇంట్లో ఒప్పుకోలేదు. "తగ్గినదాన్ని మళ్ళా రేపుడెందుకు" అంది నానమ్మ. డాక్టరు గారూ నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

ఆరున్నర నెలలకు ఫోన్. మళ్ళీ జిగట, మళ్ళీ చార. వరసగా నాలుగు రోజులు. డాక్టరు గారు అమైనో యాసిడ్ డబ్బాకు మారుద్దామా అన్నారు, ఆ మాటలో తప్పేమీ లేదు, నూక పడని ఆ పదిమందిలో ఈ పాప ఒకతె కావచ్చు. కానీ రెండు నెలలు ఇదే నూకతో శుభ్రంగా ఉన్న పాపకు ఇప్పుడెందుకు పడదు? మూడు రోజులు టైమివ్వండి అన్నాను. మూడు రోజులూ ఇంట్లో పాప నోట్లోకి ఏది పోయినా రాయమన్నాను. అమ్మ బుద్ధిగా రాసింది: పొద్దున రాగి జావ, నీళ్ళతో. మధ్యాహ్నం మెత్తటి పప్పన్నం. సాయంత్రం అరటిపండు. డబ్బా రెండు సార్లు. తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు.

నాలుగో రోజు నానమ్మను కూడా తీసుకురమ్మన్నాను. మధ్యాహ్నం అన్నం ఆమే తినిపిస్తుంది.

"పప్పన్నం ఎట్లా కలుపుతారు పెద్దమ్మా?"

ఆమె చేతులతోనే చూపించింది. శనివారం నెయ్యి కాచింది. నెయ్యి వంపుకున్నాక గిన్నె అడుగున గోధుమరంగు మడ్డి మిగులుతుంది కదా, దాంట్లో వేడి అన్నం వేసి గిన్నెకు రుద్ది రుద్ది మెత్తగా మెదిపి, పప్పు కట్టు పోసి పాపకు పెట్టింది. మన ఇళ్ళలో ఆ గిన్నె అన్నం కోసం పిల్లలు కొట్టుకుంటారు, నేనూ కొట్టుకున్నాను మా తమ్ముడితో. మిగతా రోజుల్లో అదే నెయ్యి చెంచాడు.

"పాలు పెట్టొద్దన్నాం కదా పెద్దమ్మా."

"నెయ్యి పాలెట్లయితది బిడ్డా? పాలు తోడేస్తే పెరుగయితది, చిలికితే ఎన్నయితది, కాస్తే నెయ్యయితది. గంత కాగినంక దాంట్ల ఇంక పాలేడుంటయి?"

నిజం చెప్పొద్దూ, ఆ వాదన బాగుంది. బాగా వడగట్టిన నేతిలో దాదాపు అంతా కొవ్వే, ప్రొటీన్ జాడ మాత్రంగా ఉంటుంది, కొందరు పిల్లలకు ఆ జాడ ఏమీ చేయదు, కొందరికి అదే చాలు. కానీ గిన్నె అడుగు మడ్డి అంటే మాడిన పాల ప్రొటీనే. నా తప్పు ఇక్కడుంది: మొదటి రోజు నేనిచ్చిన, మానాల్సిన వాటి జాబితా ఇంగ్లిష్‌లో ఉంది, అమ్మ తిండి కోసం తయారుచేసింది. అందులో నెయ్యి ఉంది, చివరి నుంచి మూడో లైనులో. అది చదవగలిగిన అమ్మ తన నెయ్యి మానేసింది. పాపకు వండి పెట్టే మనిషి తెలుగు మాత్రమే చదువుతుంది, ఆమె చేతికి నేను ఏ కాగితమూ ఇవ్వలేదు. ఆరో నెలలో అన్నప్రాశన అవుతుందని, అన్నం అంటే మనకు నెయ్యి అని తెలియని ఊళ్ళో పుట్టలేదు కదా నేను.

నెయ్యి ఆపాం, నువ్వుల నూనె, పల్లీ నూనె వేయమన్నాం. ఆరు రోజులకు మోషన్ శుభ్రం. డబ్బా మార్చలేదు. మేం చేయకుండా వదిలేసిన ఆ పరీక్ష, గిన్నె అడుగు అన్నంతో అనుకోకుండా జరిగిపోయింది, అలర్జీ పక్కా అని తేలింది. (ఇది అదృష్టం, పద్ధతి కాదు. తిన్న నిమిషాల్లో దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం వచ్చే పిల్లలకూ, గంట నుంచి నాలుగు గంటల్లోపు ఆగకుండా వాంతులై తెల్లబడి వేలాడిపోయే పిల్లలకూ ఇలాంటి ప్రయోగం ఆసుపత్రిలో తప్ప ఎక్కడా చేయకూడదు.) నాలుగు పేజీల ఇంగ్లిష్ జాబితా ఇప్పుడు ఒక పేజీ తెలుగైంది, మొదటి లైను నెయ్యి, రెండోది గిన్నె.

తొమ్మిదో నెలకు 7 కిలోలు, ఏడాదికి 8. ఏడాది నిండాక మిల్క్ లాడర్ మొదలుపెట్టాం, అంటే పాలను మెట్లు మెట్లుగా పరిచయం చేయడం, బాగా కాలిన దాంట్లో కొంచెంతో మొదలుపెట్టి మామూలు పాల వైపు రావడం. గోధుమపిండితో కలిసి ఓవెన్‌లో ఎక్కువసేపు కాలితే పాల ప్రొటీన్ కొంత ఆకారం మారిపోతుంది, అందుకే చాలామంది పిల్లలకు కేకు ముందు పడుతుంది, పాలు తర్వాత పడతాయి. విదేశీ మెట్లలో మఫిన్, పాన్‌కేక్, చీజ్ అని ఉంటుంది, ఉప్పల్‌లో ఎవరింట్లో ఓవెన్ ఉంది? మా మెట్లు ఇవి: పాలపొడి కొద్దిగా ఉన్న బిస్కెట్ ముక్క, తర్వాత బేకరీ బన్ను, తర్వాత కేకు, ఆపైన పెరుగు, చివర్న పాలు. పెరుగు చలవ కాబట్టి ముందే పెట్టొచ్చు అంటారు ఇంట్లో పెద్దలు. తోడుకుంటే లాక్టోజ్ కొంత తగ్గుతుంది, కేసీన్ ఎక్కడికీ పోదు.

బిస్కెట్ రెండు వారాలు, బన్ను రెండు వారాలు, కేకు మూడు వారాలు, ఏమీ కాలేదు. పెరుగు అర చెంచాతో మొదలుపెట్టిన నాలుగో రోజు జిగట కనిపించింది, నెత్తురు లేదు. ఒక మెట్టు కిందికి దిగి కేకు దగ్గర ఆగాం. ఇప్పుడు పాపకు పదిహేను నెలలు, డబ్బా పూర్తిగా మానేసి రెండు నెలలైంది, రాత్రిపూట ఇంకా అమ్మ పాలు తాగుతుంది. పెరుగు మళ్ళీ వచ్చే నెల.

పోయిన వారం కొడుకు ఫోన్ నుంచి నానమ్మ నాకు రెండు ఫోటోలు పంపింది, రెండు బిస్కెట్ ప్యాకెట్ల వెనక వైపు. అలర్జీ పదార్థాలు ప్యాకెట్ మీద విడిగా రాయాలన్నది ఇప్పుడు రూలు కాబట్టి అక్కడ వెతకమని ఒకసారి చూపించాను. ఆమెకు ఇంగ్లిష్ రాదు, మిల్క్ అన్న నాలుగు అక్షరాల ఆకారం మాత్రం గుర్తుపెట్టుకుంది. మొదటి ఫోటోలో ఆ మాట కింద గోటితో గీసింది. రెండో దాని మీద వేలు పెట్టి వాయిస్ మెసేజ్: "డాక్టరమ్మా, దీంట్ల గా అక్షరాలు లెవ్వు. వట్టిగ వే అని ఏదో ఉన్నదంట, మావోడు చదివిండు. పెట్టొచ్చునా?"

వే అన్నా పాలేనని, కానీ బిస్కెట్ మెట్టు పాప ఎప్పుడో దాటేసింది కాబట్టి పెట్టొచ్చని చెప్పాను.